‘ఒక సైకిలిస్టు మరణం’ (1955): హువాన్‌ది పశ్చాత్తాపమా, దొరికిపోతానన్న భయమా?

గోదారిగట్టు:

ఈ చిత్రం గురించి ఇక్కడ ఎవరైనా రాశారేమోనని వెతికాను, కనిపించలేదు. హువాన్ ఆంతోనియో బార్దెమ్ దర్శకత్వం వహించిన ‘ఒక సైకిలిస్టు మరణం’ (స్పానిష్‌లో ‘మ్యుఎర్తె దె ఉన్ సిక్లిస్తా’) 1955లో వచ్చింది. నలుపు తెలుపు చిత్రం, నిడివి గంటన్నర లోపే. కథను చివరిదాకా విప్పి మాట్లాడుకోక తప్పదు కనుక, చూడదలచుకున్నవారు చూసి వచ్చి చదివితే మంచిది.

మాద్రిద్ శివార్లలో మనిషి అలికిడి లేని రోడ్డు. ఒక సైకిలిస్టు మనకు వీపు చూపిస్తూ తొక్కుకుంటూ పోయి మిట్ట దాటి కనుమరుగవుతాడు. ఆ వెంటనే అదే మిట్ట అవతలి నుంచి ఒక కారు అటూ ఇటూ ఊగుతూ వచ్చి ఆగుతుంది. గుద్దడం మనకు చూపించరు. కారు నడుపుతున్నది మరియా హోసే, ఒక సంపన్నుడి భార్య. పక్కన కూర్చున్నది ఆమె ప్రియుడు హువాన్. అతడు దిగి పరుగెత్తి చూస్తాడు. పడినవాడు ఇంకా బతికే ఉన్నాడు. ఆమె పిలుస్తుంది. ఇద్దరూ కారెక్కి వెళ్లిపోతారు. ఆగితే, ఆ వేళప్పుడు ఆ రోడ్డు మీద ఇద్దరూ కలిసి ఎందుకున్నారో ఎవరికైనా చెప్పవలసి వస్తుంది మరి.

మొదటిసారి చూసినప్పుడు ఇది మనస్సాక్షి మేలుకున్న మనిషి కథ అనుకున్నాను. నిన్న రాత్రి రెండోసారి చూశాక అనుమానం మొదలయింది. సినిమా సగం వరకు హువాన్‌కు నిద్ర పట్టనివ్వనిది చనిపోయినవాడి జ్ఞాపకం కాదు, ఎవరో చూసి ఉంటారన్న భయం. ఆ భయం పశ్చాత్తాపంగా మారినది ఏ సన్నివేశంలో? అసలు మారిందని మీకు అనిపించిందా?

పాతరీలు:

మంచి ప్రశ్న వేశారు గోదారిగట్టు గారూ. జవాబుకు ముందు ఆ చిత్రం పుట్టిన కాలం గురించి కొంచెం చెప్పనివ్వండి, ఎందుకంటే ఇందులో అపరాధభావం ఒక్క రోడ్డు ప్రమాదానికి సంబంధించినదే అనుకుంటే సగం సినిమా చేజారిపోతుంది.

స్పెయిన్ అంతర్యుద్ధం 1939లో నియంత ఫ్రాంకో గెలుపుతో ముగిసింది. ఈ కథలోని హువాన్ గెలిచిన పక్షాన పోరాడినవాడు. యుద్ధానికి వెళ్లడం వల్ల ప్రేమించిన అమ్మాయిని పోగొట్టుకున్నాడు; ఆమె, అంటే మరియా హోసే, డబ్బున్నవాణ్ణి పెళ్లి చేసుకుంది. విశ్వవిద్యాలయంలో అతని ఉద్యోగం కూడా తన ప్రతిభతో వచ్చింది కాదు, బావగారి పలుకుబడితో వచ్చింది. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, సైకిలిస్టు పడి ఉన్న ఆ చోటు ఒకప్పుడు హువాన్ కందకాల్లో నిలబడి యుద్ధం చేసిన చోటే. చివర్లో అతడు ఆమెకు ఆ సంగతి గుర్తు చేస్తాడు. అంటే ఆ నేల మీద మనిషిని చావుకు వదిలి రావడం అతనికి అదే మొదటిసారి కాదేమో అన్న ఆలోచన ప్రేక్షకుడికి తనంతట తాను రావాలి. యుద్ధం గురించి సూటిగా ఒక్క మాట అనడానికి సెన్సారు ఒప్పుకోని రోజుల్లో బార్దెమ్ ఇలా రోడ్డు పక్క మట్టి చేత మాట్లాడించాడు.

బార్దెమ్ 1922లో పుట్టాడు. చదివింది వ్యవసాయ ఇంజనీరింగు. 1947లో మాద్రిద్‌లో మొదలైన సినిమా శిక్షణ సంస్థలో తొలి విద్యార్థుల్లో ఒకడు. నిషేధంలో ఉన్న కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. 1955 మే నెలలో సాలమాంకాలో జరిగిన సినిమా సదస్సులో ఆయన తన దేశపు చిత్రాలను ఐదు మాటల్లో ఏకి పారేశాడు: రాజకీయంగా పనికిరానివి, సామాజికంగా అబద్ధాలు, బుద్ధిపరంగా నేలబారువి, కళాపరంగా శూన్యం, పరిశ్రమగా చూస్తే బక్కచిక్కినవి. ఆ ఏడాదే ఈ చిత్రానికి కాన్ చలనచిత్రోత్సవంలో అంతర్జాతీయ విమర్శకుల బహుమతి దక్కింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో మాద్రిద్ విద్యార్థులు నిజంగానే వీధికెక్కినప్పుడు, తరువాతి చిత్రం తీస్తున్న బార్దెమ్‌ను పోలీసులు పట్టుకెళ్లారు. ఈ సినిమాలో విద్యార్థులు గుమిగూడి నినదించే దృశ్యం ఆ గొడవలకన్నా ముందే తీసినది.

లెక్కలమాస్టారు:

నేను ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్, డిగ్రీ పిల్లలకు గణితం చెప్పి విరమించినవాణ్ణి. నాకు ఈ చిత్రం పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేది కారు కాదు, నల్లబల్ల.

హువాన్ బోధించేది విశ్లేషక జ్యామితి. మతిల్దే అనే విద్యార్థిని బోర్డు దగ్గర నిలబడి సమీకరణాలు రాస్తూ తన సమాధానం వివరిస్తూ ఉంటుంది. ఆ సమయంలో హువాన్ పత్రిక చూస్తున్నాడు. ఆ సైకిలిస్టు చనిపోయాడన్న చిన్న వార్త అతని కంట పడుతుంది. వెనక సుద్దముక్క చప్పుడు, ఆమె గొంతు, ముందు అతని ముఖం. ఆమె చెబుతున్నది అతని చెవికి ఎక్కడం లేదు. ఉన్నట్టుండి, కోపమంతా ఆమె మీదే అన్నట్టుగా, ఇక చాలు అని ఆపేస్తాడు. పరీక్ష అక్కడితో ఆగిపోతుంది, ఆమె తప్పుతుంది. ఆ పిల్ల చేసిన పొరపాటు ఏమీ లేదు.

ఇది సినిమాలో జరిగే రెండో ప్రమాదం అని నా అభిప్రాయం. రోడ్డు మీద ఒకణ్ణి వదిలేసి వచ్చాడు. తరగతిలో ఇంకొకరిని గుద్దాడు. తేడా ఏమిటంటే, ఈసారి గుద్దుకున్న మనిషి బతికి ఉంది, ఎదురుగా వచ్చి నిలబడి అడగగలదు. అడుగుతుంది కూడా.

నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల క్రితం మౌఖిక పరీక్ష జరుపుతున్న రోజున ఇంటి దగ్గర నా తండ్రిగారికి ఒంట్లో బాగోలేదు. కబురు కోసం మనసంతా తలుపు మీదే ఉంది. ఒక కుర్రవాడు సరిగ్గానే చెప్పుకుపోతున్నాడు. నేను సగంలో ఆపి, పో అన్నాను. మార్కులు ఎన్ని వేశానో నాకే గుర్తు లేదు, తక్కువే వేసి ఉంటాను. అతడు తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి నా వైపు చూసి వెళ్లిపోయాడు. పేరు మరిచిపోయాను, ఆ చూపు మరిచిపోలేదు. మతిల్దే ముఖం తెర మీదికి వచ్చినప్పుడల్లా ఆ కుర్రవాడే కనిపిస్తాడు. కనుక గోదారిగట్టు గారి ప్రశ్నకు నా జవాబు ఇది: భయం పశ్చాత్తాపంగా మారినది మతిల్దే అతని ఎదుట వచ్చి నిలబడినప్పుడు. చచ్చిపోయినవాడు అతణ్ణి ఏమీ అడగలేకపోయాడు, ఈమె అడిగింది.

సెకండ్‌షో:

మాస్టారు గారూ, బాగా చెప్పారు. కాని ఆ రఫా అనేవాడు లేకపోతే ఇదంతా జరిగేదే కాదు గదా. ప్రమాదాన్ని కళ్లారా చూసినవాడు వాడొక్కడే. వాడు బెదిరించకపోతే హువాన్ పత్రిక మడిచి పక్కన పెట్టి మామూలుగా బతికేసేవాడు.

పాతరీలు:

చిన్న సవరణ, సెకండ్‌షో గారూ. రఫా ప్రమాదాన్ని చూడలేదు. వాడికి తెలిసింది వీళ్లిద్దరి సంబంధం ఒక్కటే. పెద్దవాళ్ల విందుల్లో తిరుగుతూ, పియానో వాయిస్తూ, కళావిమర్శకుణ్ణని చెప్పుకుంటూ, నాకు అన్నీ తెలుసునన్నట్టు మాట్లాడతాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, వీళ్లిద్దరూ అతని ప్రతి మాటలోనూ ఆ సైకిలును చూసుకుంటారు. నాకు ఈ చిత్రంలో అన్నిటికన్నా తెలివైన అల్లిక అదే. బ్లాక్‌మెయిల్ చేసేవాడి దగ్గర ఉన్నది చిల్లర; దాన్ని నోట్లకట్టగా మార్చింది వీళ్ల మనసులే.

ఫ్లమెంకో నృత్యం జరిగే సన్నివేశాన్ని మరోసారి చూడండి. మడమల చప్పుడు, చప్పట్లు, గిటారు హోరులో రఫా వంగి మరియా హోసే భర్త మిగేల్ చెవిలో ఏదో చెబుతాడు. మనకు ఒక్క మాట వినిపించదు, హువాన్‌కూ మరియా హోసేకూ కూడా వినిపించదు. కెమెరా ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి దూకుతూ ఉంటుంది. ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా నవ్వు ముఖం పెట్టుకుని కూర్చోవలసిందే. రఫాగా నటించిన కార్లోస్ కాసరవిల్యా ఉరుగ్వేలో పుట్టిన నటుడు. ఆ నల్లకళ్లద్దాలు, ఆ జిడ్డు మర్యాద చూస్తే నాకు ఒళ్లు జలదరించింది.

సెకండ్‌షో:

నిజమే, నేను పొరబడ్డాను. చూసి ఐదారేళ్లయింది, ఇన్నాళ్లూ వాడు చూశాడనే అనుకుంటున్నాను. అంటే వాడు నన్ను కూడా బెదిరించగలిగాడన్నమాట!

మందారం:

ఇంతవరకు అందరూ హువాన్ అంతరాత్మ గురించే మాట్లాడారు. మరియా హోసే గురించి ఎవరూ ఒక మంచి మాట అనలేదు, అనరని కూడా తెలుసు. హువాన్ నేరం ఒప్పుకుంటే అతనికి పోయేది ఒక ఉద్యోగం, అది కూడా సిఫారసు మీద వచ్చినది. ఒప్పుకోలు అతనికి ఒక రకమైన విడుదల. ఆమెకు పోయేది ఏమిటో ఆ దేశపు చట్టం చూస్తే గాని తెలియదు.

ఫ్రాంకో ప్రభుత్వం 1942లో వ్యభిచారాన్ని మళ్లీ నేరంగా చేసింది. భార్య ఒక్కసారి తప్పటడుగు వేసినా శిక్ష పడుతుంది. భర్త విషయంలో అతడు ఉంపుడుగత్తెను ఉంచుకున్నాడని తేలాలి. ఆ నేరాన్ని చట్టం నుంచి తీసివేసింది 1978లో. ఫ్రాంకోకు ముందున్న గణతంత్రం 1932లో తెచ్చిన విడాకుల చట్టాన్ని యుద్ధం ముగియగానే రద్దు చేశారు, మళ్లీ 1981 దాకా విడాకులు లేవు. పెళ్లయిన స్త్రీ ఉద్యోగం చేయాలన్నా భర్త అనుమతి కావాలి, ఆ నియమం 1975 వరకు నడిచింది. ఇవన్నీ తెలిసి చూస్తే, రోడ్డు మీద ఆమె ‘హువాన్’ అని పిలిచిన పిలుపులో స్వార్థం ఒక్కటే వినిపించదు.

ఆమెను వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. చివరికి ఆమె చేసిన పనికి సమర్థన లేదు. కాని హువాన్ తన మనస్సాక్షిని కడుక్కునేందుకు ఇద్దరి ప్రాణాలను పణంగా పెడుతున్నాడు, ఆమెను అడిగి కాదు. తాను నిర్ణయించుకుని వచ్చి, రేపు పోలీసుల దగ్గరకు వెళ్దాం అని చెబుతాడు. ఇందులో పశ్చాత్తాపం ఎంత ఉందో, మగవాడి నిర్ణయాధికారం అంతే ఉంది. మరియా హోసేగా నటించిన లూచియా బొసే ఆ మాటలు వింటున్నప్పుడు ముఖంలో ఏ మార్పూ చూపించదు. 1947లో ఇటలీ అందాల పోటీ గెలిచిన ఆమెను ఇటలీ దర్శకుడు అంతోనియోని 1950లోనే తన తొలి కథాచిత్రంలో పెట్టుకున్నాడంటే ఆ నిశ్చలత్వం చూసే కావచ్చు.

గోదారిగట్టు:

మందారం గారూ, మీరు రాసినది చదివాక ఆ చివరి సంభాషణను మళ్లీ పెట్టి చూశాను. మీరన్నట్టే అతడు ఆమెను అడగడు, చెబుతాడు. ఇది ఇంతకుముందు నా దృష్టికి రాలేదు. అయితే ఒక మాట: వేరే దారి ఏముంది? తానొక్కడే వెళ్లి ఒప్పుకున్నా కారు ఎవరు నడిపారో చెప్పక తప్పదు గదా. ఆమె అనుమతి కోసం ఆగితే ఆ సైకిలిస్టు చావు ఎప్పటికీ ఎవరిదీ కాకుండా పోతుంది.

ఆ సైకిలిస్టు ముఖం మనకు ఒక్కసారైనా సరిగ్గా చూపించరు. హువాన్ అతని ఇల్లు వెతుక్కుంటూ కూలీనాలీ జనం ఉండే గృహసముదాయానికి వెళ్తాడు. అక్కడ మెట్లు, ఆరేసిన బట్టలు, ఆడుకునే పిల్లలు ఉంటారు. పొరుగింటావిడ మాటల ద్వారా తప్ప ఆ కుటుంబం మనకు తెలియదు. చనిపోయినవాడు చివరిదాకా ఒక వార్తగానే మిగిలిపోయాడు. ఇది దర్శకుడి లోపమా, లేక హువాన్ లాంటివాళ్లకు ఆ మనిషి అంతకన్నా దగ్గరగా రాడని చెప్పడమా?

లెక్కలమాస్టారు:

రెండోదే అని నేననుకుంటాను. ఛాయాగ్రహణం కూడా ఆ మాటే చెబుతుంది. ధనికుల ఇళ్లల్లో క్లోజప్‌లు ఎక్కువ, వెలుగునీడలు చెక్కినట్టు ఉంటాయి. ఆ పేదల ఇంటికి వెళ్లగానే కెమెరా వెనక్కి జరుగుతుంది, వెలుతురు మామూలుగా పరుచుకుంటుంది, హువాన్ కోటు ఒక్కటే ఆ చోటుకు అతకకుండా నిలబడుతుంది. ఒకే సినిమాలో రెండు రకాల సినిమాలు ఉన్నట్టుంటుంది: పైన మెరిసే మెలోడ్రామా, కింద ఇటలీ వాస్తవికవాదం.

పాతరీలు:

కెమెరా అల్ఫ్రెదో ఫ్రైలేది, కూర్పు మార్గరీతా ఒచోవాది. ఆ కూర్పు గురించి ఒక పేరా రాయకపోతే అన్యాయం చేసినట్టే. హువాన్ తన గదిలో పడుకుని సిగరెట్టు పొగ వదులుతాడు. తరువాతి షాటులో పొగ మరియా హోసే దగ్గర తేలుతుంది, కాని ఆ పొగ ఆమె భర్తది. ఒక క్షణం మనం కూడా ప్రియుడి దగ్గరే ఉన్నామనుకుని మోసపోతాం. ఇంకోచోట తాగిన మైకంలో రఫా సీసా విసిరి కిటికీ అద్దం పగలగొడతాడు. ఆ వెంటనే పగిలిన అద్దం విశ్వవిద్యాలయానిది, కొట్టింది విద్యార్థులు. ఒకటి పరాన్నజీవి కసి, రెండోది న్యాయమైన కోపం. రెండింటినీ ఒకే చప్పుడుతో అతికించడం ఎంత గడుసుతనమో చూడండి.

తనకు వ్యతిరేకంగా అరుస్తున్న ఆ విద్యార్థులను చూసి హువాన్ కుంగిపోడు, సంతోషిస్తాడు. తన ఉద్యోగం ఊడగొట్టమంటున్న గుంపును చూసి మెచ్చుకునే మాస్టారు సినిమాల్లో అరుదు. ఒక పిల్లకు జరిగిన అన్యాయానికి ఇంతమంది కదిలారు, మేము ఒక మనిషి చావుకు కదలలేదు అన్న లెక్క అతని ముఖంలో కనిపిస్తుంది. హువాన్‌గా వేసిన అల్బెర్తో క్లోసాస్ నటన ఆ ఒక్క చోటే నాకు పూర్తిగా నచ్చింది. మిగతా అంతటా కొంచెం బిగుసుకుపోయినట్టే ఉంటాడు.

నల్లకోటు:

వృత్తిరీత్యా న్యాయవాదిని కనుక ఒక చిన్న వివరం. ఆపదలో ఉన్నవాణ్ణి ఆదుకోకుండా వదిలివెళ్లడాన్ని స్పెయిన్ 1951లోనే శిక్షాస్మృతిలో నేరంగా చేర్చింది. కాబట్టి సినిమా నాటికి వాళ్లు చేసినది నీతి ప్రశ్న మాత్రమే కాదు, శిక్ష పడే నేరం. మన దగ్గర మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం గాయపడినవాణ్ణి వైద్యానికి చేర్చే బాధ్యత డ్రైవరుది. గుద్ది పారిపోతే పదేళ్ల దాకా జైలు అన్న భారతీయ న్యాయ సంహిత 106(2)కు వ్యతిరేకంగా 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మె చేయడం, ఆ ఉపసెక్షన్‌ను అమల్లోకి తేకుండా ఆపి ఉంచడం తెలిసిందే. ఆగితే జనం కొడతారన్నది డ్రైవర్ల వాదన. హువాన్‌కు, మరియా హోసేకు ఆ సాకు కూడా లేదు. ఆ రోడ్డు మీద కొట్టడానికి మనిషి లేడు. ఎవరూ చూడని చోట ఆగుతామా లేదా అన్నదొక్కటే వాళ్ల ముందున్న ప్రశ్న.

సెకండ్‌షో:

ఇక ముగింపు గురించి మాట్లాడుకుందామా? నాకు అది ఎప్పుడూ మింగుడు పడలేదు. ప్రమాదం జరిగిన చోటే హువాన్ రోడ్డు మీద నిలబడి మాట్లాడుతుంటే, ఆమె కారుతో అతణ్ణి తొక్కించి వెళ్లిపోతుంది. అక్కడితో ఆపి ఉంటే గొప్పగా ఉండేది. కాని భర్తను కలుసుకోవడానికి రాత్రిపూట వేగంగా పోతూ, ఎదురైన మరో సైకిలిస్టును తప్పించబోయి వంతెన మీది నుంచి పడి ఆమె కూడా చనిపోతుంది. చేసిన పాపం ఊరికే పోదని చెప్పే హరికథలా లేదూ?

పాతరీలు:

ఆ ముగింపు సెన్సారు పట్టుబట్టి పెట్టించినదే. పరపురుషుడితో తిరిగిన స్త్రీ, పైగా హంతకురాలు, శిక్ష లేకుండా తప్పించుకుపోవడం వాళ్లకు సమ్మతం కాదు. కాని బార్దెమ్ వాళ్లు అడిగినది ఇచ్చి, అడగనిది కూడా ఒకటి చేర్చాడు: ఆ రెండో సైకిలిస్టు. సెన్సారుకు కావలసింది ఆమె చావు ఒక్కటే. ఒక లారీ ఎదురొచ్చినా సరిపోయేది, చెట్టుకు గుద్దుకున్నా సరిపోయేది. మళ్లీ సైకిలే రావాలని ఏ అధికారీ చెప్పి ఉండడు.

మందారం:

నేను ఒప్పుకుంటాను, ఇంకొంచెం ముందుకు కూడా వెళ్తాను. సెకండ్‌షో గారూ, ఆమె ఈసారి స్టీరింగు తిప్పింది. మొదటి సైకిలిస్టును గుద్ది వదిలేసింది, హువాన్‌ను కావాలనే తొక్కించింది, మూడోవాణ్ణి మాత్రం తప్పించింది. అది చేతుల అలవాటా, భయమా, లేక ఆమెలో కూడా ఏదో కదిలిందా అన్నది దర్శకుడు తేల్చలేదు. హువాన్‌కు మనస్సాక్షి రావడానికి తరగతి, వార్త, విద్యార్థులు, గంటంబావు సినిమా కావలసివచ్చాయి. ఆమెకు దొరికింది అరక్షణం. ఆ అరక్షణాన్ని కూడా లెక్కలో వేయమంటాను.

గోదారిగట్టు:

అరక్షణం సంగతి నన్ను కూడా ఆలోచనలో పడేసింది. మాస్టారు గారి జవాబుతో నా ప్రశ్నలో సగం తీరింది. మిగతా సగం ఇప్పుడు మరియా హోసే వైపు తిరిగింది.

కారులో నుంచి తలకిందులుగా వేలాడుతున్న ఆమె ముఖాన్ని ఆ సైకిలిస్టు చూస్తాడు. చీకటి, చుట్టూ ఎవరూ లేరు. అతడు ఏ తప్పూ చేయలేదు, కాని ఆగితే అతనికీ చిక్కే. పెద్దింటి మనిషి, పెద్ద కారు, సాక్షి లేడు. అతడు తటపటాయిస్తాడు. ఆ తటపటాయింపును బార్దెమ్ తొందరపడకుండా చూపించాడు. మొదటి సన్నివేశంలో హువాన్ ఆగిన క్షణాలకు ఇవి జోడీ అని నిన్న రాత్రి గాని నాకు తెలియలేదు.

లెక్కలమాస్టారు:

అవును. తరువాత అతడు సైకిలెక్కి, దూరాన ఒక ఇంట్లో దీపం వెలుగుతుంటే అటు తొక్కుకుంటూ వెళ్తాడు. మొదటి షాటులో లాగానే.